చెయ్యి పడ్డ గుండు

నాకు కోపం ఎక్కువని జనగామలో ఎవరినడిగినా చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. చెప్పనీండి, నాకేం? విత్తనాల దుకాణం మీది అంతస్తులో ఒక ఆడది జిమ్ము నడపాలంటే కోపం ఉండాల్సిందే. లేకపోతే మొదటి వారం అద్దాలు పగులుతాయి, రెండో వారం డంబెల్సు మాయమవుతాయి. మా అన్నదమ్ములు ఊళ్లో వరి పండిస్తూ, ఎన్నికలొచ్చినప్పుడల్లా కండువాలు మారుస్తూ సుఖంగా ఉన్నారు. నేనొక్కదాన్నే బడిలో ఇనుప గుండు విసరడం నేర్చుకుని, ఆ పిచ్చిలోనే పెరిగి, ఇనుము మధ్యే స్థిరపడ్డాను. నా పేరు సరోజన. జిమ్ముకొచ్చే పిల్లలు ముందర "సరోజనక్కా" అంటారు. వెనక ఏమంటారో కూడా నాకు తెలుసు.

జైసింగ్‌ని మొదటిసారి చూసింది మార్కెట్ యార్డులో. మా వడ్లు కాంటా పెట్టించడానికి వెళ్లాను. గేటు దగ్గర ఎవరో దించిపోయిన సిమెంటు దిమ్మె ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. ట్రాక్టర్లు ఆగిపోయాయి, హారన్లు మోగుతున్నాయి, జనం గడ్డపారల కోసం వెతుకుతున్నారు. అంతలో టీ కొట్టు దగ్గర నుంచి ఒక హమాలీ విసుక్కుంటూ లేచి వచ్చాడు. వంగి దిమ్మెను కౌగిలించుకున్నాడు. పొట్టకు ఆనించుకుని కొంచెం దూరం నడిచి పక్కన పెట్టేశాడు. మళ్లీ వెళ్లి తన గ్లాసు అందుకుని, "చాయ్ సల్లగైంది, ఇంకోటి పొయ్యి" అని టీ కొట్టాయన మీద అరిచాడు. నేను వడ్ల సంగతి మరిచిపోయి అతని వెంట పడ్డాను.

అప్పటికి స్ట్రాంగ్‌మన్ పోటీలు మా వైపు కూడా వచ్చేశాయి. లారీలు లాగడం, టైర్లు దొర్లించడం లాంటివి చాలానే ఉంటాయి గానీ జనం గొంతులు పోయేలా అరిచేది మాత్రం ఆఖర్న గుండ్లు ఎత్తేటప్పుడే. సిమెంటుతో పోసిన అయిదు గుండ్రటి రాళ్లు, ఒకదాన్ని మించి ఒకటి బరువు. ఒక్కొక్కదాన్నీ నేల మీంచి లేపి ఒళ్లోకి తీసుకోవాలి, అక్కడి నుంచి రొమ్ము మీదికి పాకించాలి, ఎదురుగా ఉన్న స్టాండు మీద కూర్చోబెట్టాలి. గుండుకు పిడి ఉండదు, అంచు ఉండదు. అందుకే మోచేతుల దాకా జిగట బంక పూసుకుంటారు. ఈసారి పోటీ జనగామలోనే పెడుతున్నారనీ, గెలిచినవాడికి ప్రో కార్డు ఇస్తారనీ తెలిసింది. ఆ కార్డు ఉంటే దేశమంతా తిరిగి రాళ్లెత్తడమే వృత్తిగా బతకవచ్చు.

"రాయి ఎత్తి మల్ల గాడనే పెట్టుడా? గిదేం పనక్కా?" అని నవ్వాడు జైసింగ్.

అతని భార్య రుక్కి మాత్రం నవ్వలేదు. జైసింగ్‌ది మహబూబాబాద్ దగ్గర తండా, ఆమెది గంగారం అడవి పక్క తండా. ఆమె మామ, అంటే జైసింగ్ తండ్రి, జీవితమంతా సంచులు మోసి నడుం వంగిపోయిన మనిషి. ఇప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి కోడిలా చూస్తాడు.

"అక్కా, గీ కార్డు వస్తె ఈయన సంచులు ఇడిషిపెడ్తడా?" అని అడిగింది రుక్కి.

విడిచిపెడతాడని చెప్పాను.

"అయితె నువ్వేం జెయ్యమంటె గది జేపిస్త. మా మామ లెక్క ఈయన నడుం వంగుడు నేను సూడ."

ఆ రోజు నుంచి నాకంటే పెద్ద కోచ్ రుక్కే అయింది. పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టి తినిపించి తరిమేది. బంక కూడా ఆమే తయారు చేసేది. పుట్టింటి నుంచి తేనె మైనం తెచ్చి, గుగ్గిలం కలిపి కరిగించి, కాస్త నూనె వేసి డబ్బాలో పోసేది. ఆ బంక పట్టుకుంటే ఇక వదలదు. ఒకసారి నా కళ్లద్దాలకు అంటింది, కొత్తవి కొనుక్కున్నాను.

జైసింగ్‌కి బలం ఉంది, తిండి ఉంది, చెప్పిన మాట వినే గుణం ఉంది. కానీ ఒక్క రోగం ఉంది. పక్కవాడు బరువెత్తుతూ మూలిగితే చూస్తూ నిలబడలేడు. "హుఁ" అని వినపడితే చాలు, ఉరికిపోయి చెయ్యేస్తాడు. ఎవడైనా కుర్రాడు కళ్లు తేలేస్తూ తన జన్మలో ఎత్తని బరువు ఎత్తుతుంటే, ఈయన వెనక నుంచి వచ్చి ఒంటి చేత్తో రాడ్డును పైన పెట్టేసి, "అయిపాయె తమ్మీ, పో, నీళ్లు తాగు" అని వీపు తట్టేవాడు. వాళ్లు ఎంత ఎత్తారో వాళ్లకే తెలియకుండా పోయింది. పాపం, కొందరు నా దగ్గరికొచ్చి ఏడ్చారు కూడా.

నేరుగా యార్డుకు పోయి హమాలీల గుంపు మేస్త్రి దుర్గయ్యను నిలదీశాను.

"ఏం నేర్పినవయ్యా వీనికి? ఎవడు మూలిగినా ఉరుకుతడు!"

"నేర్పేదేముందమ్మా? సంచి కింద మనిషి మూలిగిండంటె ఎవడు దగ్గరుంటె వాడు చెయ్యెయ్యాలె. దోస్తా, దుష్మనా అని సూసుడుండది. చేతులు గట్టుకోని సూసినోనితోటి మా దాంట్ల ఎవ్వడు చాయ్ తాగడు" అన్నాడు దుర్గయ్య.

"పోటీల చెయ్యి వడ్డదంటె ఆ రాయి లెక్కల వట్టరు, తెలుసా?"

"మనిషి సస్తుంటె సూసుకుంట నిలవడాల్నా? గదేం పోటీ, గది పాపం గాదా?" అంటూ ఆయన బీడీ ముట్టించుకున్నాడు. ఆయనకేం చెప్పను, నా కర్మ!

నేనే వైద్యం మొదలుపెట్టాను. జైసింగ్ రెండు చేతుల్లో చెరో కోడిగుడ్డు పెట్టి, ఇవి పగిలాయంటే నీ తోలు తీస్తానని చెప్పి గోడ పక్కన నిలబెట్టాను. ఆ పూట బెంచీ మీద పడుకుని బరువెత్తుతున్నవాడు రంజిత్. భూపాలపల్లి దగ్గర చెల్పూర్ వాడు, థర్మల్ ప్లాంటులో నౌకరీ. సెలవులు దొరికినప్పుడల్లా జనగామలో మేనత్త ఇంట్లో ఉండి నా దగ్గర నేర్చుకునేవాడు. మంచి బలశాలి, అద్దం కనపడితే మాత్రం ప్రపంచాన్ని మరిచిపోతాడు. వాడు "హుఁ" అన్నాడు. జైసింగ్ గుడ్లతో సహా ఉరికాడు. రాడ్డు పైకి పోయింది, గుడ్లు రెండూ రంజిత్ కొత్త బనీను మీద పగిలాయి.

"నాకు హమాలోని చెయ్యి అవసరం లేదు! నా బలం నాకున్నది" అని రంజిత్ గంతులేశాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. అదీ నా తప్పేనా? "ఆడదాని దగ్గర నేర్చుకుంటె గిట్లనే ఉంటది" అని ఒక మాట విసిరి, సంచీ సర్దుకుని పోయాడు. అప్పటి నుంచి ఎదురుపడితే "అక్కా" అనడం మానేసి "మేడం" అంటున్నాడు. ఆ మేడం అన్నప్పుడల్లా నా ఒళ్లు భగ్గుమనేది. పోటీలో వీణ్ణి ఓడించకపోతే నా పేరు సరోజన కాదనుకున్నాను.

వాడికి కూడా ఆ రోగం కొంచెం అంటిందని నాకు తెలుసు. నా దగ్గర నేర్చుకునే రోజుల్లోనే ఒకసారి కింద దుకాణం ముసలాయన నీళ్ల డబ్బా ఎత్తుతూ మూలిగితే రంజిత్ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఎవరైనా చూశారేమోనని వెంటనే జేబులో దోపుకున్నాడు.

గుడ్ల వైద్యం పని చేయలేదు. జైసింగ్ చెవుల్లో దూది పెడితే కళ్లతో చూసి ఉరికాడు. గోడ వైపు తిప్పితే అద్దంలో చూసి ఉరికాడు. ఇక లాభం లేదని రుక్కితో మొరపెట్టుకున్నాను.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అక్కా, ఒక్క ముచ్చట జెప్పాల్నా? ఊరోళ్లు ఎవలు మూలిగినా ఈయనకు ఇనవడ్తది. ఇంట్ల నేను గ్యాసు బుడ్డి లేపుకుంట మూలిగితె మాత్రం చెవుడొస్తది" అంది.

జైసింగ్ తల గోక్కుని పైకప్పు చూశాడు. ఆఖరికి మందు కూడా రుక్కే కనిపెట్టింది. పక్కవాడు ఎత్తేటప్పుడు జైసింగ్ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాలి. తన బరువు తన చేతుల మీదే ఉంటుంది కాబట్టి, అవి బయటికి వచ్చేలోపు పక్కవాడి పని అయిపోతుంది. మొదట్లో కూర్చునే గిలగిలలాడేవాడు. మెల్లమెల్లగా అలవాటు పడ్డాడు. అబ్బ, బతికిపోయాననుకున్నాను.

పోటీ రోజు మైదానం నిండిపోయింది. చెల్పూర్ నుంచి రంజిత్ దోస్తులు రెండు జీపుల్లో వచ్చారు. నేనేం తక్కువ తిన్నానా? యార్డు హమాలీ గుంపునంతా పిలిచి, డప్పులు తెప్పించి ముందు వరుసలో కూర్చోబెట్టాను. దుర్గయ్య తెల్ల ధోవతి కట్టుకుని పెళ్లివారిలా వచ్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన రిఫరీ పేరు చందూలాల్. సన్నగా ఉంటాడు గానీ, ఆయన ఈల ఊదితే ఎంత లావుపాటివాడైనా ఆగిపోవాల్సిందే.

పొద్దుటి నుంచి లారీలు, టైర్లు అన్నీ అయ్యేసరికి రంజిత్, జైసింగ్ సమానంగా నిలిచారు. మిగతావాళ్లు వెనకబడ్డారు. ఇక తేల్చాల్సింది గుండ్లే. ఎవరు ఎక్కువ గుండ్లు పెడితే వాళ్లదే కార్డు. ఇద్దరూ సమానంగా పెడితే తక్కువ సమయంలో ముగించినవాడిది.

మొదట రంజిత్. నాలుగు గుండ్లు చకచకా పెట్టేశాడు, దొంగసచ్చినోడు, బాగా పెట్టాడు. అయిదోది పెద్ద గుండు. దాన్ని ఒళ్లోకి తీసుకుని పైకి లేస్తూ పెద్దగా మూలిగాడు. జైసింగ్ వైపు చూశాను. పాపం, చెప్పినట్టే చేతుల మీద కూర్చున్నాడు. కానీ ఆ మూలుగుకు తట్టుకోలేక లేచి ఉరికాడు. నేనూ రుక్కీ మరిచిపోయిన సంగతొకటుంది. వాడి చేతులకు అప్పటికే బంక పూసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీ వాడి చేతులకు అంటుకుని వెనకాలే వచ్చింది. కుర్చీతో సహా కొంతదూరం పోయి బోర్లాపడ్డాడు. మైదానం ఘొల్లుమంది. అక్కడ రంజిత్ చేతుల్లోంచి గుండు తనంతట తాను జారి ఇసుకలో పడింది. నాలుగుతోనే ఆగిపోయాడు. ఆ కుర్చీకి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

కుర్చీ ఊడబెరికి, మళ్లీ బంక పూసి, జైసింగ్‌ని పంపాం. రంజిత్ పక్కకు పోకుండా గీత దగ్గరే నిలబడ్డాడు. "ఎత్తు హమాలీ, ఎత్తు! వడ్ల బస్తా గాదది" అని దెప్పుతున్నాడు. జైసింగ్ నాలుగు గుండ్లు పెట్టాడు. నెమ్మదిగా పెట్టాడు, తొందర వాడి ఒంట్లోనే లేదు. కాబట్టి అయిదోది పెడితేనే గెలుపు. పెద్ద గుండు ఒళ్లోకి వచ్చింది. లేచాడు. రొమ్ము దాకా తెచ్చాడు. అక్కడ, కర్మకాలి, మూలిగాడు.

జైసింగ్‌కు నేర్పడంలో పడి ఒక్క సంగతి నా మట్టి బుర్రకు తట్టలేదు. ముందు వరుసలో కూర్చున్నది కూడా హమాలీలే!

గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది. డప్పులు కింద పడ్డాయి. తాళ్లు దాటి, గీతలు దాటి, చందూలాల్‌ని పక్కకు నెట్టి అందరూ వచ్చి చేతులేశారు. గుండు స్టాండు మీదికి పూలబుట్టలా వెళ్లి కూర్చుంది. దుర్గయ్య ధోవతి దులుపుకుంటూ, "ఇగ నీళ్లు తాగు బిడ్డా" అన్నాడు.

"ఎవరయ్యా మీరంతా?" అని చందూలాల్ ఈల నోట్లోంచి తీసి అరిచాడు. "గిది లెక్కల రాదు!"

నేను దుర్గయ్య మీద పడ్డాను. "నీ మొకం మన్నువడ! సూడమని పిలిస్తె ఎత్తుతరా?"

"పాణం ఆగలేదమ్మా" అన్నాడు ఆయన అమాయకంగా.

చందూలాల్‌ని బతిమాలాను, దబాయించాను, మళ్లీ బతిమాలాను. తప్పు పోటీదారుడిది కాదు కాబట్టి, కొంచెం విశ్రాంతి తర్వాత ఆ ఒక్క గుండు మళ్లీ ఎత్తనిస్తానన్నాడు. అయితే ఆ గుంపు గేటు బయటికి పోవాలి. దుర్గయ్య అందరినీ బయటికి తీసుకుపోయి, ముఖాలు రోడ్డు వైపు తిప్పి నిలబెట్టాడు. మూలుగు చెవిన పడితే మళ్లీ వస్తామని ఆయనకే భయం. అందుకని డప్పులు గట్టిగా కొట్టమన్నాడు. కొట్టారు చూడండి, బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి పెళ్లి ఎవరిదని అడిగారు.

జైసింగ్ మళ్లీ వంగాడు. ఈసారి అలిసిపోయి ఉన్నాడు. రుక్కి నా చెయ్యి పట్టుకుంది. దేవుళ్లందరినీ తన భాషలో వరసగా పిలుస్తోంది, మధ్యలో మొగుణ్ణి తిడుతున్నట్టు కూడా ఉంది. గుండు ఒళ్లోకి వచ్చింది. రొమ్ము మీదికి వచ్చింది. స్టాండు అంచు దగ్గర ఆగిపోయింది. అటూ పోదు, ఇటూ రాదు. జైసింగ్ ముఖం నల్లబడింది, మెడ నరాలు ఉబ్బాయి. లోపల్నుంచి ఒక మూలుగు వచ్చింది, అది డప్పుల మోతలో నాకే సరిగా వినపడలేదు. బయట గుంపుకు అసలే వినపడలేదు.

పక్కనే ఉన్న రంజిత్‌కు వినపడింది.

నోటితో ఇంకా దెప్పుతూనే ఉన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే ఒక్క గెంతు గెంతి, గుండు కింద చెయ్యేశాడు. గుండు స్టాండెక్కి కూర్చుంది.

చందూలాల్ స్టాండుకు అటువైపు ఉన్నాడు. ఆయనకు గుండు కనిపించింది, దాని పైన జైసింగ్ తల కనిపించింది. ఈల ఊది చెయ్యి పైకెత్తాడు. మైదానం పేలిపోయింది. రుక్కి ఏడుస్తూ ఎగిరింది. నేను మాత్రం రంజిత్ ఎందుకు అక్కడే నిలబడ్డాడో అర్థం కాక వెనక నుంచి పోయి చూశాను. చూస్తే ఏముంది! రంజిత్ ముంజేయి, జైసింగ్ ముంజేయి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మా గంగారం మైనం, రంజిత్ కొని పూసుకున్న డబ్బా బంక కలిసి సిమెంటులా పట్టేశాయి. ఇద్దరూ గుండు వెనక దాచుకుని లాక్కుంటున్నారు, రావడం లేదు.

"అక్కా, నేను కావాల్నని ఎయ్యలే. చెయ్యి అదే పోయింది" అని గొణిగాడు రంజిత్. ముఖం కందగడ్డలా అయింది. "ఎవ్వలకు చెప్పకు అక్కా, మా చెల్పూరోళ్లు నవ్వుతరు."

చాలాకాలం తర్వాత వాడి నోట అక్కా అన్న మాట వచ్చింది. కానీ అప్పుడు నాకు దాని మీద ధ్యాస లేదు. "రుక్కీ, నూనె!" అన్నాను. బంక కడుక్కోవడానికి తెచ్చిన పల్లినూనె సీసా ఆమె సంచీలో ఉంది. ఉరికి వచ్చి చూసింది, చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. మూత తీసి పోయడం మొదలుపెట్టింది. నేను అడ్డంగా నిలబడ్డాను. ఇంకాసేపట్లో ఊడిపోయేదే.

ఇంతలో చెల్పూర్ గుంపు లేచింది. "చెయ్యి వడ్డది! మా రంజిత్ చెయ్యి వడ్డది సార్!" అని అరిచారు. చెయ్యి పడిందంటే గుండు చెల్లదు. గుండు చెల్లకపోతే ఇద్దరివీ నాలుగే, త్వరగా ముగించిన రంజిత్‌దే కార్డు. చందూలాల్ ఈ పక్కకు వచ్చాడు.

"ఏం రంజిత్, రాయి ముట్టుకున్నవా?"

ముట్టుకున్నానంటే కార్డు వాడిదే. వాడు తలెత్తి, "లేదు సార్. ముబారక్ చెప్పుదామని వచ్చిన" అన్నాడు. హమాలీ అలవాటు అంటిందని ఒప్పుకోవడం కన్నా ఓడిపోవడమే నయమనిపించినట్టుంది వాడికి. నాకు అప్పుడు వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది, ఒట్టు.

"ఏం జైసింగ్, ఎవరన్నా చెయ్యేసిండ్రా?"

నేను జైసింగ్ వైపు గుడ్లురిమి చూశాను. రుక్కి వాడి కాలు తొక్కింది. లేదు అనే ఒక్క మాట చాలు. జైసింగ్ రుక్కిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తన చెయ్యి పైకెత్తాడు. దానితోపాటు రంజిత్ చెయ్యీ లేచింది. జైసింగ్ పొడుగు కాబట్టి రంజిత్ మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది.

"ఏసిండు సార్. గీయన ఎయ్యకపోతె గా రాయి నా కాళ్ల మీద వడ్తుండె."

"అబద్ధం సార్! నేను ముట్టనే లేదు!" అని అరిచాడు రంజిత్, చెయ్యి అలాగే గాల్లో అతుక్కుని ఉండగా.

"ఏసినవ్ తమ్మీ, ఎందుకట్లంటవ్?"

"ఎయ్యలే!"

"ఏసినవ్!"

జనం కడుపులు పట్టుకున్నారు. చందూలాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గెలిచెతందుకు అబద్ధాలాడినోళ్లను మస్తుమందిని సూసిన. ఓడిపోయెతందుకు కొట్లాడుకునేటోళ్లను గిప్పుడే సూస్తున్న" అన్నాడు. గుండు చెల్లదన్నాడు. విజేత రంజిత్ అన్నాడు.

జైసింగ్ చొక్కా పట్టుకుని ఊపేశాను. "ఒక్క మాట రా! ఒక్క అబద్ధం ఆడితె నీ సొమ్మేం పోతది? రుక్కి మొకమన్నా సూసినవా?"

వాడు తలొంచుకున్నాడు. "అక్కా, రేపు యార్డుల సంచి కింద నేను మూలుగుత గదా. చెయ్యేసినోన్ని ఎయ్యలేదన్న మనిషి దగ్గరికి ఎవడొస్తడు?"

నేను ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం.

సంగతి గేటు బయటికి పాకింది. దుర్గయ్య గుంపు డప్పులతో లోపలికి వచ్చింది. తమవాడు ఓడిపోయాడని వాళ్లకు చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు. "దుష్మనై కూడ చెయ్యేసిండట!" అంటూ నేరుగా పోయి రంజిత్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. చెయ్యి ఊడలేదు కాబట్టి జైసింగ్‌ను కూడా ఎత్తుకోక తప్పలేదు. రంజిత్ పైన కూర్చుని, ఎటు చూడాలో తెలియక, చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. వాడి సొంత దోస్తులు జీపుల దగ్గర నిలబడి నోళ్లు తెరుచుకుని చూశారు. నేను పిలిపించిన డప్పులు, వాడి కోసం మోగుతున్నాయి!

దించాక రుక్కి మిగిలిన నూనె పోసి రుద్దింది. ఇద్దరూ కెవ్వుమన్నారు, రెండు చేతులూ వెంట్రుకలతో సహా విడిపోయాయి. చందూలాల్ కార్డు తెచ్చి రంజిత్‌కి ఇచ్చాడు. నూనె చేతుల్లోంచి అది జారి ఇసుకలో పడింది. వంగి తీశాడు, మళ్లీ జారింది. "హుఁ" అన్నాడు. జైసింగ్ ఆగుతాడా? వంగి చెయ్యేశాడు. వాడివీ నూనె చేతులే. అంతంత గుండ్లు ఎత్తిన ఇద్దరు మగవాళ్లు ఒక్క కార్డును నేల మీంచి లేపలేక తంటాలు పడుతుంటే జనం మళ్లీ ఈలలు వేశారు.

రుక్కి వాళ్లిద్దరినీ పక్కకు నెట్టి కార్డు తీసుకుంది. దాని మీది ఇసుకను కొంగుతో తుడిచింది. ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా అందులో ఏం రాసి ఉందో ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. డప్పులు ఆగాయి. తర్వాత దాన్ని రంజిత్ చొక్కా జేబులో దోపింది.

"చెయ్యేసినవ్, మంచిదే" అంది. "గని, ఇంకో గడియ ఆగి సారు ఈల ఊదినంక ఎయ్యకపోయినవా తమ్మీ?"

రుక్కి సీసా అడుగున మిగిలిన నూనెను అరచేతిలోకి వంపుకుని జైసింగ్ చొక్కా వెనక నుంచి పైకెత్తింది.

"ఇటు తిరుగు, నడుం సూపెట్టు. పొద్దుగాల యార్డుకు పోవాలె."